తినే పథ్యం

ఏలూరులో నేను పనిచేసే ల్యాబ్‌లో, పొద్దుటి ఎండ కిటికీలోంచి వాలే వేళకి సెంట్రిఫ్యూజ్ మెల్లగా ఆగుతుంది. గొట్టం పైకెత్తి చూస్తే ఎర్రకణాలన్నీ అడుక్కి దిగి, పైన ప్లాస్మా లేత ఎండుగడ్డి రంగులో తేరుకుని ఉంటుంది. ఎన్నేళ్లు చూసినా ఆ రంగు నన్ను కాసేపు ఎక్కడికో తీసుకుపోతుంది. తాడేపల్లిగూడెంలో నాకీ పని నేర్పిన డాక్టర్ సుగుణ గారు పక్కనే నిలబడి ఉన్నట్టుంటుంది.

నేనప్పుడు పెంటపాడు నుంచి బస్సులో వచ్చే కొత్త టెక్నీషియన్ని. "ఈ నీళ్లలో పెద్ద కుటుంబమే కాపురముందమ్మా" అనేవారావిడ. "దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేది ఫైబ్రినోజెన్. రోగాలతో దెబ్బలాడేవి గ్లోబులిన్లు. ఇక ఆల్బుమిన్ ఉందే, అది ఇంటికి పెద్దకోడలు. మందుల్ని మోస్తుంది, రక్తనాళాల్లో నీరు బయటికి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. తగ్గేదాకా దాని విలువ ఎవరికీ తెలీదు." మా అత్తవారింట్లో నేనూ పెద్దకోడలినే. ఆ మాట నాకు మహా నచ్చింది.

ఒకరోజు కొల్లేటి లంకలో చేపలు పట్టుకు బతికే నాగమ్మ, కొడుకు రాంబాబుని తీసుకొచ్చింది. కుర్రాడి పాదాలు నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోతున్నాయి. ఆల్బుమిన్ బాగా తక్కువ. మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదు, లివర్ పరీక్షలు మిగతావన్నీ బాగానే ఉన్నాయి. మరి ఎందుకు తగ్గినట్టు?

"ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు సుగుణ గారు.

"కోతలప్పుడు పచ్చకామెర్లు వచ్చి తగ్గాయండీ. అప్పట్నించీ చప్పిడి పథ్యమేనండీ. గంజీ, మెతుకులూ. పప్పు, నూనె, నీచు ఏదీ ముట్టనివ్వలేదండీ. అయినా నీరు పడతందంటే, నావల్లే పథ్యం ఎక్కడో తప్పుంటదండీ. ఇంకా గట్టిగా చేయిస్తానండీ, ఆయ్!"

కామెర్లు పోయి నెలలు గడిచి, వానలు కూడా మొదలయ్యాయి. ఆల్బుమిన్ తయారుచేసేది లివరే, దానికి సరుకేమో తిండిలోంచి రావాలి. వాపు పెరిగినకొద్దీ ఆ తల్లి పథ్యం బిగిస్తోంది, పథ్యం బిగిసినకొద్దీ వాపు పెరుగుతోంది. ఇలాగే సాగితే కుర్రాడు దక్కడు.

చేపలు పెట్టమంటే నాగమ్మ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. సుగుణ గారు కుర్రాడికి వైద్యం చేస్తున్న డాక్టరుగారితో మాట్లాడి, ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. గుండుగొలను దాటాక రోడ్డు సన్నబడింది. పడవెక్కాం. మంచులాంటి తెల్లటి వెలుతురులో నీరెక్కడో, ఆకాశమెక్కడో తెలియలేదు. కొంగలు గాలిలోనే నిలబడినట్టున్నాయి. ఆ ప్రయాణం నిజంగా చేశానా, కల గన్నానా అని ఇప్పటికీ అనుమానమే.

నాగమ్మ కత్తిపీట ముందు కూర్చుని అమ్మకానికి కొర్రమేను తరుగుతోంది. లోపల మంచం మీద కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పొద్దున్నించీ నేనేం తినలేదమ్మా. పులుసు పెడతారా?" అన్నారు సుగుణ గారు చాప మీద చతికిలబడుతూ. "మీ అబ్బాయి కూడా నాతోనే తింటాడు."

"ఆడికేవన్నా అయితేనోనండీ?"

"ఇదీ పథ్యమేనమ్మా. ఇన్నాళ్లూ మానేసే పథ్యం చేశారు. ఇప్పుడు తినే పథ్యం చెయ్యాలి, అంతే నిష్ఠగా. ఉప్పు విషయంలో మాత్రం మీ మాటే నెగ్గింది, తగ్గించే వెయ్యండి."

నాగమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. తర్వాత పొయ్యి రాజేసింది. ముళ్లు తీసి, ముద్ద కలిపి, కొడుకు నోటికి అందించింది. వాడు కళ్లు మూసుకుని నమిలాడు. నాకు ఏడుపొచ్చి పడవ వైపు వెళ్లిపోయాను.

వాపు ఒక్కసారిగా తీయలేదు, నెమ్మదిగా తీసింది. దసరా వెళ్లాక రాంబాబు తన కాళ్లమీద నడిచి ల్యాబ్‌కి వచ్చాడు. వాడు రక్తమివ్వడానికి లోపలికి వెళ్లగానే నాగమ్మ గొంతు తగ్గించి అడిగింది: "అయితే, నా బిడ్డని నేనే పస్తు పెట్టుకున్నానా అండీ?"

సుగుణ గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. "కాదమ్మా. పథ్యం మొదలెట్టమని మీకు అందరూ చెప్పారు. ఎప్పుడు ఆపాలో చెప్పాల్సినవాళ్లం మేము. మేమే చెప్పలేదు."

సుగుణ గారు పోయి చాలా ఏళ్లయింది. ఆల్బుమిన్ తక్కువ వస్తే నేను ఇప్పటికీ రిపోర్టు ఇచ్చి ఊరుకోను. బయటికెళ్లి బల్ల మీద పక్కన కూర్చుని, ఏం పెడుతున్నారమ్మా అని అడుగుతాను. జవాబు చెప్పేటప్పుడు ఏ తల్లీ తల దించుకోకుండా చూసుకుంటాను.