కుడివైపు కుట్టు

సౌదీలోని అభాలో పాత యూనివర్సిటీ గేటుకు ఎదురుగా బైండింగు దుకాణాన్ని అల్లాబకాష్ ఇరవై ఆరేళ్లు నడిపాడు. రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో ఒక విద్యార్థి థీసిస్‌ను మన పుస్తకాల్లాగే ఎడమవైపు కుట్టేశాడు. అరబ్బీ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుందని ఆ విద్యార్థి ఏడుపుముఖంతో చూపిస్తే, ఐదు ప్రతులూ విప్పి మళ్లీ కుట్టాడు. ఆ తర్వాత చెయ్యి తప్పలేదు. వీధికి కూడా యూనివర్సిటీయే గడియారం. సెలవులిస్తే టీకొట్లు మూసేవాళ్లు, పరీక్షలొస్తే అద్దెగదులు దొరికేవి కావు.

యూనివర్సిటీ కొండ అవతలి కొత్త క్యాంపస్‌కు వెళ్లిపోయింది. దాని వెనకే గదులు, టీకొట్లు, జిరాక్సు మిషన్లు. థీసిస్‌లు కంప్యూటర్లో పంపితే చాలన్నారు.

"ఈ టర్ము చూద్దాం. పని రాకపోతే ఎగ్జిట్ కొట్టించి మీ ఊరికి పంపేస్తాను," అన్నాడు దుకాణం సొంతదారూ వీసా ఇచ్చినవాడూ అయిన కఫీల్, నొచ్చుకుంటూనే.

వెళ్తే ఎవరి దగ్గరికి? పిల్లల్లేరు. ఊళ్లో ఉన్న భార్య తాజున్నీసా నిరుడు పోయింది. ఇతనికి సెలవు దొరికేలోపే మట్టి చేసేశారు. మిగిలింది ఈ సూదీ దారమే.

క్యాంపస్ బస్సు నడిపే కరీంనగర్ దేవన్న రోజూ ఆగేవాడు.

"ఏం భాయ్, ఈగలు తోలుతున్నవా?"

"ఈగలు గూడా నీ బస్సెక్కి పొయినాయిలేబ్బా. నా అంగడి కాగితం బస్సులో అంటించినావా?"

"సీటెన్కనే అంటిచ్చిన. అందరు సూస్తున్నరు."

"చూస్తాండారు గానీ ఎవురూ రాలేదే."

దేవన్న అద్దం తుడిచి బస్సెక్కాడు.

టర్ము చివరి వారం ఒక కుర్రాడు ఫైలుతో లోపలికొచ్చాడు. అల్లాబకాష్ లేచి రెక్సిన్ రంగులన్నీ బల్లమీద పరిచాడు. అతను కొత్త క్యాంపస్‌కు దారి అడిగాడు. వీధి చివరిదాకా వెళ్లి చూపించి వచ్చాడు అల్లాబకాష్.

టర్ము ముగిశాక కఫీల్ మిషన్లు అమ్మేశాడు. అవి కొన్నవాళ్లు వచ్చే ముందురోజు, చేతిలో ఫోన్లు లేని కాలంలో తాజున్నీసా తెలుగులో రాసిన ఉత్తరాలను తేదీల వరసన పేర్చి, మిగిలిన ఆకుపచ్చ రెక్సిన్‌తో కుట్టుకున్నాడు. సామానంతా పోయాక, ఉత్త గదిలో కూర్చుని పుస్తకాన్ని మన పుస్తకాల్లాగే పట్టుకుని మొదటిసారి తెరిచాడు. అట్ట కింద మొదట కనిపించింది ఆఖరి ఉత్తరం వెనకవైపు. చెయ్యి తన అలవాటున కుడివైపే కుట్టేసింది.

"పిల్లోళ్ల పుస్తకాలన్నీ కుట్టేసినాకనే రా. నేనేడికి పోతా," అని ఉంది అక్కడ.

విప్పి మళ్లీ కుడదామని కత్తికోసం బల్లవైపు చెయ్యి చాచాడు. బల్ల కూడా లేదు.