బేచన్ భైయ్యాకు వచ్చిన సడలింపు

బేచన్ మండల్ మనిషి ముఖం చూడడు, పుట్టిన తేదీ చూస్తాడు. పట్నాలో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మా లాడ్జికి ఎవరు కొత్తగా వచ్చినా పేరూ ఊరూ తర్వాతి సంగతి. ముందు, "ఆగస్టు ఒకటికి నీకెన్నేళ్ళు నిండుతాయి?" అని అడిగేవాడు. పరీక్షలకు వయసు లెక్కగట్టేది ఆ తేదీకే. జవాబు పూర్తయ్యేలోగా వాడికి ఏయే పరీక్షల గడువు దాటిపోయిందో తేల్చి, జాలిగా తల ఊపేవాడు.

ఒకసారి పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికొడుకును పక్కకు పిలిచి, "రైల్వేకి నీకింకా టైముంది కదరా, ఇంత తొందరేమిటి?" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. లాడ్జి ఓనరు తండ్రి పోతే శవం దగ్గరా నోరు ఊరుకోలేదు. "తొంభై దాటాయి. ఏ కోటాలోనూ వయసు సడలింపు లేదు" అన్నాడు.

ఆయనకే అన్ని గడువులూ ఏనాడో దాటిపోయాయి. గది మాత్రం ఖాళీ చేయడు.

"సడలింపు వస్తోంది ముకుంద్" అనేవాడు నాతో.

"ఎవరు చెప్పారు భైయ్యా?"

"ఇవ్వక చస్తారా? ఇన్నేళ్ళూ పరీక్ష పెట్టనిది వాళ్ళేగా."

అదీ నిజమే. మా దగ్గర ప్రకటన ఒక ప్రభుత్వం వేస్తుంది, పరీక్ష ఇంకో ప్రభుత్వం పెడుతుంది, ఫలితాలు కోర్టులో మూలుగుతాయి. వాళ్ళ ఆలస్యానికి గడువు లేదు, మన వయసుకే ఉంది. ఆ సిగ్గులేనివాళ్ళను తిట్టాల్సింది పోయి, వాళ్ళ దయ కోసం నోరు తెరుచుకుని కూర్చున్న ఈయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పైగా ఏటా ఏప్రిల్లో చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయేవాడు. పెళ్ళి భోజనాలకు పోయాడని నవ్వుకునేవాళ్ళం.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చి కోసీ నది గట్టు మీది ఒక బడిలో పడ్డాను. ఆధార్ కార్డులింకా ఆ గట్టు ఎక్కని రోజులు. ఏప్రిల్లో పిల్లల్ని చేర్చుకునే రోజు చూద్దును కదా, వరండాలో బేచన్ భైయ్యా! అది ఆయన ఊరేనట.

మా హెడ్మాస్టరు శ్యామానంద్ బాబుది అక్కడి పాత పద్ధతే. తల్లులకు తేదీలు తెలియవు కనుక ఆయన పిల్లల ఎత్తు చూసి ఏదో ఒక సంవత్సరం వేసి, అందరికీ జనవరి ఒకటి రాసేస్తాడు.

"పేరు పుతుల్. జనవరి ఒకటి" అన్నాడు.

"ఆగండి మాస్టరుగారూ" అన్నాడు బేచన్ భైయ్యా. "ఏమ్మా, పిల్ల ఎప్పుడు పుట్టింది?"

"ఏమో భైయ్యా. గట్టు తెగిన ఏడు."

"ఛఠ్ పండగకి ముందా, వెనకా?"

"వెనకే. నీళ్ళల్లో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చానా, అప్పటికింకా కడుపులోనే ఉంది. ప్రసాదం పంచిన మర్నాడే నొప్పులొచ్చాయి."

"అయితే నవంబరు. కొట్టేసి రాయండి."

హెడ్మాస్టరు కలం బల్ల మీద పడేశాడు. "కొన్ని నెలలు అటూఇటూ అయితే ఏం మునిగిందయ్యా?"

"నేను మునిగాను" అన్నాడు బేచన్ భైయ్యా. "నేను దీపావళికి పుట్టాను. మీ ముందటాయన అదే ఏడు జనవరి ఒకటి రాసి నన్ను పది నెలలు పెద్దవాణ్ణి చేశాడు. ఎస్సై పరీక్షకి ఆ నెలలే అడ్డొచ్చాయి. ఈ పిల్లకి రాకూడదు."

శ్యామానంద్ బాబు గొణుక్కుంటూనే కొట్టేసి రాశాడు. బయట వరుసలో తల్లులు గట్టు తెగిన ఏళ్ళూ పండగలూ నెమరేసుకుంటున్నారు. ఏటా ఈయన వచ్చాకే పిల్లల్ని తెస్తారట. ఏప్రిల్లో ఈ మహానుభావుడు తిన్న పెళ్ళి భోజనాలు ఇవన్నమాట. ఆయన నాకు మొదటిసారి ముద్దొచ్చాడు.

పుతుల్ మాత్రం కదల్లేదు. ఆయన్నే ఎగాదిగా చూసి, "మరి నీకెన్నేళ్ళు చాచా?" అంది.

అందర్నీ అడిగేవాణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు. అలవాటుగా ఆగస్టు ఒకటికి లెక్కవేయబోయి ఆగిపోయాడు.

"నాకు సడలింపు వచ్చిందమ్మా" అని, తర్వాతి పిల్లాణ్ణి పిలిచాడు.