గోడకే నడిచిన తెల్లగౌను పిల్ల

నాకు రాయడం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ జారిపోయి ఉంటాయి, కోప్పడకుండా చదవండి.

ఆ రోజుల్లో నాకు భయమంటే చప్పుడు లేకపోవడమే. రాయచూరులో ఒక పత్తి మిల్లులో ఊడ్చే పని నాది. యంత్రాల మోతలో మా మాట మాకే వినపడేది కాదు. ఆయుధపూజనాడు మాత్రం, పూజ అయ్యాక ఏ పనిముట్టునూ ముట్టకూడదని అన్నీ ఆపేసేవారు. ఆ మధ్యాహ్నం మిల్లు గొంతు పోయినట్టు ఉండేది. గేటు దగ్గర కుంకుమ నింపి పగలగొట్టిన గుమ్మడికాయ ఎర్రగా, గాలిలో పత్తి నూగు తెల్లగా. "అన్నిటికి బొట్టు పెట్టమ్మా, ఒక్కటి గూడ ఇడ్వొద్దు" అని నాకు చెప్పి మిల్లు సావుకారు పొద్దున్నే వెళ్ళిపోయాడు.

లారీలు తూచే కాటా గదిలో కంప్యూటర్ పని మా మేనత్త కొడుకుది. "ఇటు రా పిల్లా, తమాషా సూపిస్త" అని పిలిచాడు. టీవీకి తగిలించే ఆటపెట్టెలో మాత్రమే ఆడే దయ్యాల ఆటను పెన్‌డ్రైవులో తెచ్చాడట.

"పెట్టె ఏది బావా?"

"పెట్టె లేదు. నువ్వే ఆ పెట్టెవని కంప్యూటర్‌ను నమ్మించే ప్రోగ్రాం ఉంటది. పాపం, నమ్ముతది."

"పూజ జేసినంక ముట్టొద్దంటరు గద?"

"పని జేస్తే తప్పు. ఇది పనా? ఆట." (చదువుకున్నవాడు కదా, నిజమే అనుకున్నాను.)

తెరమీద పాడుబడ్డ ఇల్లు. అందులో పిల్లవాడు బావ, తెల్లగౌను పిల్ల నేను. బాణం గుర్తుల బటన్లు ఆయనవి, అక్షరాల బటన్లు నావి. నేనింకా వేలు పెట్టనేలేదు, ఆ పిల్ల తనంతట తానే ఎడమకు తిరిగి, గోడకు ముఖం ఆనించి నడవసాగింది. గోడ కదలదు, పిల్ల ఆగదు. ఆ అడుగుల చప్పుడు తప్ప మిల్లంతా ఇంకేమీ వినపడడం లేదు.

"ఆపు పిల్లా, పరేషాన్ జెయ్యకు."

"నేను ముట్టనేలేదు బావా!" అని రెండు చేతులూ ఎత్తి చూపించాను.

ఆయన కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. పిల్ల మళ్ళీ గోడకే నడిచింది. "అమ్మా తల్లీ, తప్పయింది" అని బావ కీబోర్డుకే దండం పెట్టాడు. ఆట మూసి లారీ నంబర్ల పేజీ తెరిస్తే, అక్కడా ‘ఎ’ ‘ఎ’ ‘ఎ’ అంటూ వరస నిండిపోతోంది.

"సచ్చినం! రేపు పొద్దుగాల లారీలొస్తయి. కర్ణాటక నంబరంటేనే కె, ఎ. ఇగ తెలంగాణ లారీలే తూయాల్నా? సావుకారు నన్ను పనిల నుంచి తీసేస్తడు."

అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది, దయ్యం వల్ల కాదు. "బావా, ఒక్కటి గూడ ఇడ్వొద్దన్నరు గద... కుంకుమ తడిపి ప్రతి బటన్‌కూ బొట్టు పెట్టిన."

"పైన తుడిసే కూసున్న గదనే!"

"ఆ ‘ఎ’కు జర ఎక్కువ పెట్టిన. నాకొచ్చిన ఇంగ్లీషు అక్షరం అదొక్కటే."

బావ తిట్టలేదు. గోరుతో ఆ బటన్ లేపితే కింద ఎర్రటి ముద్ద. దూదితో తుడిచాం (అక్కడ దూదికేం కరువు). ‘ఎ’ల వరస ఆగింది. ఆట తెరిచి చూస్తే పిల్ల కూడా ఆగింది (ఆమెను ఎడమకు నడిపే బటన్ ఆ ‘ఎ’యేనట). ఆగి, మెల్లగా తల తిప్పి, మా వైపు చూసింది. బావ కరెంటు తీగే పీకేశాడు. (ఎవరూ బటన్ నొక్కకపోతే అది అట్లాగే చూస్తుందట. ఆ సంగతి ఆయనకు తరవాతెప్పుడో తెలిసింది.)

మర్నాడు మొదటి లారీ నంబరు సరిగ్గా పడ్డాక బావ అన్నాడు: "మిగిలిన ఇరవై ఐదు గూడ నేర్సుకో పిల్లా, అప్పుడు బొట్టు సమానంగ పంచుతవు."

ఇప్పుడు ఆ గదిలో నంబర్లు కొట్టేది నేనే. ఆ ఆటను మళ్ళీ ఎవరం తెరవలేదు. మిల్లు ఆగిన మధ్యాహ్నాల్లో నా వేళ్ళు ‘ఎ’ మీద ఒక్క క్షణం ఆగుతాయి. వచ్చిన ఒకే ఒక్క అక్షరాన్ని అంతగా నమ్ముకున్న అప్పటి ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఇందులో ఎక్కడైనా ఒక అక్షరం ఎక్కువ పడి ఉంటే, ప్రేమకొద్దీ పడిందనుకుని మన్నించండి.