ఏ సముద్రానికి పోదాం?

కొత్త మిరపకాయల ఘాటు తగిలితే అందరికీ తుమ్ములొస్తాయి. నాకు తుమ్ములతో పాటు సముద్రం కూడా గుర్తొస్తుంది. మొన్న ఆదివారం బ్రాడీపేటలో మా ఫ్లాటు బాల్కనీలో, ఊరి నుంచి తెలిసినవాళ్ళు తెచ్చిచ్చిన గోతం మూతి విప్పి, ఎర్రటి కాయల్ని పాత చీర మీద ఎండబోస్తున్నాను. పక్కింటివాళ్ళు దగ్గుకుంటూ కిటికీలు మూసుకున్నారు. లోపల మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, సెలవులకు విశాఖపట్నం వెళితే ఏయే బీచ్‌లు చూడాలో ఫోనులో ఎంచుతోంది. ఋషికొండకు ఎన్ని స్టార్లిచ్చారు, భీమిలికి ఎన్నిచ్చారు, యారాడకు కొండ దిగే దారి ఎలా ఉంటుంది, పొద్దుపొడుపు ఎక్కడ బాగుంటుంది, ఫొటోలు ఎక్కడ బాగొస్తాయి, అన్నీ పైకి చదువుతోంది. మంచం మీద చింతపండులో గింజలు ఏరుతున్న మా అమ్మ చెవి ఒగ్గి వింటోంది.

ముక్కు తుడుచుకుంటూ ఆ మాటలు వింటున్న నేను కాసేపటికి బాల్కనీలో లేను. మా ఊళ్ళో, మా నాయనమ్మ అరుగు మీద ఉన్నాను. మాఘమాసం. ఈ ఏడు ఏ సముద్రానికి పోదామని పెద్దవాళ్ళంతా చేరి గొంతులు చించుకుంటున్నారు.

ఏ సముద్రానికి అనే అనేవాళ్ళు. బడి పుస్తకంలో బంగాళాఖాతం ఒక్కటే ఉండేది గానీ, పెదనందిపాడు పక్కన నల్లరేగడిలో పుట్టి పెరిగిన మాకు రేవుకొక సముద్రం. సూర్యలంక సముద్రం మెత్తనిది, దారి పొడుగునా జీడిమామిడి తోటల నీడ. నిజాంపట్నం సముద్రం బురదది, పడవలూ వలలూ తప్ప మనిషి మునగడానికి చోటుండదు. ఓడరేవు సముద్రం దుడుకుది, అయితే తిరిగొచ్చేటప్పుడు చీరాలలో చీరల కొట్లు తగులుతాయి కాబట్టి ఆడవాళ్ళు దాని దుడుకుతనాన్ని మన్నించేవాళ్ళు. కొత్తపట్నం సముద్రం ఒంగోలు అవతలెక్కడో ఉంది, అక్కడికి ట్రాక్టరు చేరేలోపు పొద్దు నడినెత్తికొస్తుంది. ఈ గుణగణాలన్నీ పెళ్ళి సంబంధాలు మాట్లాడినంత శ్రద్ధగా మాట్లాడి, వంకలు పెట్టి, చివరికి నాయనమ్మ ఏది చెబితే దానికి తలలూపేవాళ్ళు. నాయనమ్మ ఏటా సూర్యలంకే చెప్పేది.

సముద్రం మాకు కనిపించేంత దూరంలో లేదు. సాయంత్రం పైరగాలి తిరిగినప్పుడు మాత్రం, కల్లాల్లో పరిచిన మిరపకాయల సెగ మీదుగా ఒక చల్లటి తెర వచ్చి చెవుల వెనక తాకేది, అది సముద్రం పంపిన గాలేనని పెద్దవాళ్ళు చెబితే మేం నోళ్ళు తెరిచి దాన్ని మింగేవాళ్ళం. మాఘమాసమంటే ఊరు ఊరంతా రెండే రంగులు, ఒక పక్క పగిలిన పత్తి, ఇంకో పక్క ఎండిన మిరప. కోతల కూలీలతో పాటు మా ఆడవాళ్ళూ పొద్దస్తమానం కాయలు కోసి, రంగు పోయిన తాలు కాయలు ఏరి, రాత్రి అన్నం కలిపే ముందు చేతులకు ఆముదం రాసుకునేవాళ్ళు. మా బట్టలు కారం, మా జుట్టు కారం, మేం పడుకునే దుప్పట్లు కారం. అమ్మ కొంగుతో మొహం తుడిస్తే పిల్లలం కెవ్వుమనేవాళ్ళం. అంత పని మధ్య ఊరంతా ఒక్క రోజు, మాఘ పున్నమి రోజు, కోతలు ఆపేసి ట్రాక్టరు ట్రక్కులో సముద్ర స్నానానికి పోయేది. ఆ ఒక్క రోజు కోసం మేం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం.

మా అమ్మ మాత్రం మొదట్లో ఎదురుచూసేది కాదు. వెళ్ళేది, మునిగేది, పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలేది, వచ్చేసేది. దానికో కారణం ఉంది. అమ్మ పుట్టినూరు ఇంకొల్లు అవతల. నాన్నవైపు తాతయ్య, అమ్మ తోడబుట్టిన మా మామయ్య మాట నమ్మి ఒక ఎడ్ల జత కొన్నాడు, అందులో ఒకటి నెల తిరక్కుండా కుంటిదని తేలింది. ఆ ఎద్దు కుంటుతూనే చాలా ఏళ్ళు బతికింది గానీ రెండిళ్ళ మధ్య రాకపోకలు అక్కడితో పడిపోయాయి. నాకు చెవులు కుట్టించిన తర్వాత అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. అటు వాళ్ళు పిలవరు, ఇటు వీళ్ళు పంపరు. అమ్మమ్మ ఎలా ఉందో, ఎవరైనా పొగాకు బేరగాళ్ళు అటునుంచి వస్తే తలుపు చాటు నుంచి అడిగి తెలుసుకోవాల్సిందే. మాఘ పున్నమికి అమ్మ పుట్టింటివాళ్ళు కూడా సముద్రానికి పోయేవాళ్ళు. వాళ్ళూరు పోయేది ఓడరేవుకు. అమ్మ సూర్యలంకలో మునుగుతుంటే అమ్మమ్మ ఓడరేవులో మునిగేది. నీళ్ళు ఒకటే, మనుషులే కలవరు.

నేను రెండో తరగతి చదువుతున్న ఏడు సూర్యలంకలో ఒక ఉపద్రవం జరిగింది. ముందు రోజు సాయంత్రం దాకా మిరపకాయలు తోలిన ట్రక్కులోనే, అవే ఖాళీ గోతాలు దులపకుండా పరిచి, వాటి మీద ఊరంతా ఎక్కి కూర్చున్నాం. కోడి కూసే వేళ బయల్దేరాం. మంచు దిగుతోంది, పత్తి చేలు ఆ చీకట్లో కూడా తెల్లగా కనిపిస్తున్నాయి, పులిహోర గిన్నెల మూతలు గతుకు గతుక్కీ మోగుతున్నాయి, ట్రక్కు ఊపుకు ఒకరి మీద ఒకరం వాలి నిద్రపోతున్నాం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తీరా సముద్రంలో దిగి తొలి మునక వేసి లేచారో లేదో, మా ఊరివాళ్ళంతా ఒక్కసారి ఆడా మగా తేడా లేకుండా గావుకేకలు పెట్టి ఒడ్డుకు పరిగెత్తారు. తొడలు మంట, నడుములు మంట, మెడలు మంట. మా నాయనమ్మ తడి చీరతో ఇసుకలో కూలబడి సముద్రాన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

"ఇయ్యి నీళ్ళు కాదర్రా, నిప్పులు! ఈ సముద్రం పాడైపోయిందర్రా!"

పక్కనే వేరే ఊళ్ళవాళ్ళు నవ్వుకుంటూ మునుగుతున్నారు. వాళ్ళకెందుకు మండలేదని తాతయ్య అడిగితే, వాళ్ళు వరి పండించేవాళ్ళనీ, ఎప్పుడూ నీళ్ళలో నాని వాళ్ళ చర్మాలు మొద్దుబారాయనీ నాయనమ్మ తేల్చింది. మిరపకాయ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. పొడి దుమ్ము ఒంటికి అంటుకుని తడి తగలగానే భగ్గుమందని పసిపిల్లలకు కూడా తట్టాలి. కానీ పుట్టినప్పటి నుంచీ కారంలో పొర్లినవాళ్ళం, మిరపకాయ మమ్మల్ని మండించడమేమిటని మాకో గొప్ప. ఇంట్లో మనిషిని దొంగ అనుకోగలమా?

నాకు మాత్రం మండలేదు. జ్వరం తగ్గి లేచానని అమ్మ నన్ను తనతో పాటు ఉతికిన బొంత మీద కూర్చోబెట్టుకుంది. ఆ బొంత మీద మేమిద్దరమే. "నాకేం మంట లేదు, అమ్మక్కూడా లేదు" అని చెప్పబోయాను. అమ్మ నా తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడుకు నేను ఏడిస్తే, "పాపం, పిల్లకూ మండుతోంది" అని అందరూ జాలిపడ్డారు. అమ్మ నన్ను ఎత్తుకుని అటు తిరిగి దక్షిణం వైపు, ఓడరేవు ఉండే వైపు, చాలాసేపు చూస్తూ నిలబడింది.

మరుసటి ఏడు అరుగు మీద పంచాయితీ మొదలయ్యేసరికి సూర్యలంక పేరెత్తేవాళ్ళు లేరు. నిజాంపట్నమా అంటే బురద, కొత్తపట్నమా అంటే దూరం. మాటలు అటూ ఇటూ పోతుంటే, మజ్జిగ చెంబులు పట్టుకొచ్చిన అమ్మ తల వంచుకునే ఒక్క మాట అంది.

"ఓడరేవు నీళ్ళు చల్లగా ఉంటాయంట అత్తయ్యా."

నాయనమ్మ మజ్జిగ తాగడం ఆపి కోడలి వైపు చూసింది. తాతయ్య ఎద్దు సంగతి గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు. "సముద్రం ఎవడబ్బ సొమ్ము? ఏ ఊరోళ్ళొస్తే మనకేంది? ఓడరేవే పోదాం" అని నాయనమ్మ చెంబు కింద పెట్టింది.

పున్నమి ముందు రోజు అమ్మ చేసిన పని నేను కళ్ళారా చూశాను. కల్లం నుంచి వచ్చిన ట్రక్కును బోరు దగ్గర ఆపించి, బిందెలు బిందెలు నీళ్ళు పోసి, చీపురుతో మూలమూలలా రుద్ది కడిగింది. ఎర్రటి నీళ్ళు పారి పారి తెల్లబడే దాకా వదల్లేదు. ఆరాక కొత్త వరిగడ్డి పరిచి, పైన ఇంట్లో ఉన్న ఉతికిన దుప్పట్లన్నీ వేసింది. "ముగ్గు కూడా ఎయ్యవే!" అని నాయనమ్మ వెటకారం చేసింది. "పిల్లలు దుమ్ముకి దగ్గుతారని అత్తయ్యా" అంది అమ్మ. ఆ రాత్రి అమ్మ అన్నం సరిగా తినలేదు. పుట్టింటికి కబురు పంపే దారి లేదు. అమ్మమ్మ ఆ ఏడు వస్తుందో రాదో, అసలు లేచి తిరుగుతోందో లేదో తెలియదు. నీళ్ళు గనక ఓడరేవులో కూడా మండితే వచ్చే ఏడు ఇక ఈ దారే ఉండదు.

పర్చూరు దాటాక పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీద తెల్లవారింది. చీరాల దాటాక నేల రంగు మారి, నల్లమట్టి పోయి ఇసుక వచ్చింది, వేరుశనగ చేలూ సరుగుడు తోటలూ వచ్చాయి, తేగల గంపలు పెట్టుకుని ఆడవాళ్ళు దారి పక్కన కూర్చున్నారు, గాలి ఉప్పగా అయింది. అప్పుడు కనిపించింది ఓడరేవు సముద్రం. ఒడ్డు పొడుగునా ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు, పసుపు రాసిన కాళ్ళు, టెంకాయ చిప్పలు, అల అలకీ లేచే కేకలు. నాయనమ్మ ముందు కాలి బొటనవేలు ముంచి చూసింది. తర్వాత పాదం. తర్వాత నడుముదాకా దిగి, మునిగి లేచి, "చల్లగా ఉందర్రా!" అని అరిచింది. మా ఊరంతా నీళ్ళలోకి దూకింది.

అమ్మ నీళ్ళ వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని ఒడ్డు వెంబడి నడిచింది, ఆగిన ప్రతి ట్రక్కులోకీ తొంగి చూస్తూ, ప్రతి ముసలమ్మ మొహంలోకీ చూస్తూ. నా కాళ్ళు పీకుతున్నాయని గొడవ చేస్తే ఎత్తుకుని నడిచింది. చివరికి సరుగుడు చెట్ల కింద, జనానికి వీపు పెట్టి, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాలుస్తున్న ఒక ముసలామె దగ్గర ఆగిపోయింది. పిలవలేదు. ఆమే వెనక్కి తిరిగింది.

అమ్మమ్మ ఏడవలేదు, కౌగిలించుకోలేదు. చుట్ట ఇసుకలో గుచ్చి, చంకలో మూట విప్పి, విస్తరాకులో చుట్టిన చలిమిడి ముద్ద తీసి అమ్మ చేతిలో పెట్టింది. పుట్టింటికొచ్చిన కూతురికి పెట్టే చలిమిడి.

"నేనొస్తానని నీకెవురు చెప్పారే అమ్మా?" అంది అమ్మ.

"ఎవురు చెప్పాలే? ఏటా తెత్తన్నా. నువ్వు రాకపోతే ఈడ ఆడుకునే పిల్లలకి పంచి పోతన్నా."

అప్పుడు అమ్మ ఏడ్చింది. నేను చలిమిడి తిన్నాను. యాలకుల వాసన, నెయ్యి, మధ్యలో పళ్ళకింద కొబ్బరి ముక్క, అంచుకు కాస్త ఇసుక.

ఆ మధ్యాహ్నం ఇంకో దృశ్యం చూశాను. మా నాయనమ్మా అమ్మమ్మా, మాటల్లేని వియ్యపురాళ్ళిద్దరూ, నడుములోతు నీళ్ళలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. "పట్టుకో వదినా, పెద్దదొస్తంది!" అని ఒకావిడ, "నువ్వే పడతావు, నన్ను పట్టుకో!" అని ఇంకొకావిడ. అల వచ్చి ఇద్దర్నీ ఒకేసారి కూలదోసింది. లేచి ఉమ్ముకుంటూ నవ్వారు. ఒడ్డున తాతయ్యా మామయ్యా ఎద్దు ఊసెత్తకుండా తేగలు వలుచుకుని తిన్నారు.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోయాక, నాయనమ్మ అమ్మ పక్కకు జరిగి కూర్చుని, ఎటో చూస్తూ మెల్లిగా అంది.

"వచ్చే ఏడు కూడా ట్రక్కు శుభ్రంగా కడుగు అమ్మాయ్."

నేను ఆ మాటకు అర్థం వెతుక్కునే వయసులో లేను, అమ్మ ఒళ్ళో వెచ్చగా పడుకుని దుప్పట్లలోని సబ్బు వాసన పీలుస్తున్నాను. ఆ తర్వాత నేను పెద్దదాన్నయ్యే దాకా మా ఊరు ఓడరేవుకే వెళ్ళింది, అమ్మ ఏటా ట్రక్కు కడిగింది, అమ్మమ్మ ఏటా చలిమిడి తెచ్చింది.

అమ్మమ్మ పోయింది, నాయనమ్మ పోయింది. మా ఊరివాళ్ళు ఇప్పుడూ సముద్రానికి వెళుతూనే ఉన్నారు, ఎవరి కారులో వాళ్ళు, ఎవరికి వీలైన ఆదివారం వాళ్ళు, ఎవరికి నచ్చిన రిసార్టుకు వాళ్ళు. ఊరంతా ఒక ట్రక్కెక్కడం లేదు. పున్నమి నాడు ఒడ్డు వెంట మొహాలు వెతుక్కుంటూ నడిచేవాళ్ళు లేరు. చూడాలనిపిస్తే ఫోను నొక్కితే చాలు, మనిషి మొహం చేతిలోకి వచ్చేస్తుంది. మంచిదే. మా అమ్మకు ఆ రోజుల్లో అదొక్కటి ఉండి ఉంటే ఎంత ఏడుపు తప్పేదో అనుకుంటాను. అయినా ఆ సరుగుడు చెట్ల నీడ గుర్తొస్తే నాకు ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

"దొరికింది!" అని మా అమ్మాయి సోఫాలోంచి లేచింది. భీమిలి దాటాక ఎక్కడో లోపలికి ఉన్న బీచట. ఫోను తెచ్చి మంచం మీద మా అమ్మకు చూపించింది. నీలంగా నీళ్ళు, మనిషి అడుగన్నది పడని ఇసుక.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "బాగుంది. ఆడికి ఎవురెవురొస్తారే?"

"ఎవరూ రారమ్మమ్మా, అదే దాని గొప్ప! జనం అస్సలుండరని అందరూ రాశారు."

అమ్మ ఫోను వెనక్కిచ్చేసి, మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది.

"ఎవురూ రానికాడికి మనం మాత్రం దేనికే?" అంది.