పెదవులు మాత్రమే కదిలే ప్రార్థన

మా అమ్మాయి చదివే బడిలో పొద్దుటి ప్రార్థన పిల్లలు పాడరు. క్యాసెట్ పాడుతుంది. పిల్లలు వరసల్లో నిలబడి, చేతులు జోడించి, దానికి తగ్గట్టు పెదవులు కదుపుతారు. ఇంకో పేటలో అయితే ఎవరో ఒకరు నవ్వేవారు. ఫిల్మ్‌నగర్‌లో ఎవరికీ నవ్వు రాలేదు. ఎవరో పాడినదానికి ఇంకెవరో పెదవులు కలపడం ఇక్కడ చాలామంది ఇళ్లలో రోజూ చేసే పనే.

ఆ క్యాసెట్ చేసి ఇచ్చింది మా ఆయన.

పాప పడుకుంది. ఇవాళ పొద్దున బడిలో జరిగింది మనసులో నుంచి పోవడం లేదు. ఎవరికైనా చెబుదామంటే మొదటి నుంచీ చెప్పకపోతే అర్థం కాదు. అందుకే రాసుకుంటున్నాను.

మేం కృష్ణానగర్‌లో రెండు గదుల వాటాలో ఉంటాం. మా ఆయన జూబ్లీహిల్స్‌లో ఒక రికార్డింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు దగ్గర అసిస్టెంటు. నేను గుంటూరులో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. పాపది రెండో తరగతి. దానికి మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది, మెడ నరాలు లేస్తాయి, కళ్లు నేలకు దిగిపోతాయి. ఆ కాసేపూ నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడతాను. మాట అందిస్తే అది ఇంకా ముడుచుకుపోతుంది. అందించకుండా ఉండడం నా వల్ల కాదు.

ఈ జూలై వరకూ ఆ బడిలో సంగీతం టీచరు ఉండేది. మధ్యవయసు మనిషి. ఆదివారాలు చర్చిలో పాడేది, మిగతా రోజులు బడిలో పాత హార్మోనియం ముందు కూర్చునేది. ఆవిడ హాజరు మామూలుగా పిలిచేది కాదు. పేరు రాగం తీసి పాడేది. ఆ పిల్లో పిల్లవాడో అదే వరసలో ‘వచ్చానండీ’ అని పాడాలి. వెంటనే క్లాసంతా కలిసి ‘వచ్చింది వచ్చింది’ అనో ‘వచ్చాడు వచ్చాడు’ అనో అందుకోవాలి. సంగీతమంటే ముందు ఇదే ఆవిడ క్లాసులో. పాటలు తర్వాత.

మా పాప తన వంతు రాగానే ఎక్కడా ఆగకుండా పాడుతోందని ఆవిడ చెబితే నేను నమ్మలేదు. ఒకరోజు వరండాలో కిటికీ పక్కన నిలబడి విన్నాను. పాప పేరు వచ్చింది. ‘వచ్చానండీ’ అని సన్నగా, తిన్నగా వచ్చింది గొంతు. నలభై మంది పిల్లలు వెంటనే అందుకున్నారు. ఇంటికి తిరిగి వెళ్లే దారంతా కళ్లు తుడుచుకుంటూనే నడిచాను.

“నేను నేర్పిందేం లేదమ్మా,” అంది టీచరు తర్వాత. “వెనకాల అందరూ అందుకుంటారని దానికి తెలుసు. ఆ ధైర్యం.”

పోయిన ఏడాదంతా పాప మారింది. పద్యాలు రాగంతో అప్పజెప్పేది. పాఠం చదవాల్సి వస్తే మొదటి మాట కొంచెం సాగదీసి అందుకునేది, తర్వాత మామూలుగా చదివేసేది. కిరాణా కొట్టు ముందు నిలబడి ‘అర కిలో పంచదార’ అని పాడేది. కొట్టతను కూడా ‘ఇంకేం కావాలె’ అని అదే వరసలో పాడి పొట్లం కట్టేవాడు. నేను దూరం నుంచి చూసి మొదటిసారి, ఇది పెద్దయితే ఏమవుతుందో అన్న దిగులు మర్చిపోయాను.

ఆ బడికి ఒక అలవాటుంది. పిల్లల తల్లిదండ్రులు ఎవరికి చేతనైన పని వాళ్లు బడికి చేసి పెడతారు. వార్షికోత్సవానికి ఒకరు దుస్తులు కుట్టించి తెస్తారు, ఒకరు సెట్ వేస్తారు, ఒకరు లైట్లు పెడతారు. మా ఆయనకు ఇన్నాళ్లూ ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. ఆ లోటు ఆయనలో ఉందని నాకు తెలుసు. ఈ జూన్‌లో థియేటర్ ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, తెలిసిన కోరస్ వాళ్లని నలుగురిని, కీబోర్డు వాయించే స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకుని బడి ప్రార్థన రికార్డు చేశారు. ఎంత శ్రద్ధగా చేశారంటే, ఒక్క అక్షరం దగ్గర ఊపిరి వినపడిందని మళ్లీ పాడించారట.

బడి తెరిచిన రోజు మైకులో అది మోగింది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ మా ఆయనకు దండ వేశారు. అయితే పిల్లలు మామూలుగా గట్టిగా పాడేసరికి క్యాసెట్ ఒక దారి, పిల్లలు ఒక దారి అయ్యింది. డాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా చేసే ఒక పిల్లవాడి నాన్న ముందుకొచ్చి, షూటింగ్‌లో చెప్పినట్టే చెప్పాడు.

“నోరు మంచిగ తెర్వుండ్రి. గొంతుల కెల్లి ఆవాజ్ రావద్దు. లిప్ మాత్రమే ఇయ్యాలె, సమజైందా?”

పిల్లలకు సమజైంది. రెండో రోజుకే అందరి పెదవులూ కలిసిపోయాయి.

నెల తిరక్కుండా సంగీతం పీరియడ్లు తీసేసి కంప్యూటర్ క్లాసు పెట్టారు. నేను అడగడానికి వెళ్తే ప్రిన్సిపాల్ గారు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, ఓపిగ్గానే చెప్పారు.

“మ్యూజిక్ వద్దని నేననను అమ్మా. పేరెంట్స్ కంప్యూటర్ అడుగుతున్నారు. ప్రేయర్ ఏమో మీవారి క్యాసెట్‌తో బ్రహ్మాండంగా జరిగిపోతోంది. ఇంక ఆవిడకి పనేముంది చెప్పండి?”

టీచరు మోతీనగర్‌లో ఇంకో బడికి వెళ్లిపోయింది. హార్మోనియం ఆవిడదే, ఆటోలో పెట్టుకుని తీసుకెళ్లింది.

పాప మొదట్లో బాధపడలేదు. దానికి లిప్ ఇవ్వడం బాగా వచ్చేసింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా క్యాసెట్‌లో ఉన్నట్టే తీసుకుంటోందని అందరూ మెచ్చుకుని మొదటి వరసలో నిలబెట్టారు. మాట విషయంలో ఎప్పుడూ తిట్లే తిన్న పిల్లకు, అందరి ముందూ మెప్పు రావడం అదే మొదలు.

తర్వాత ఇంట్లో మొదలైంది. నేను వంటింట్లో ఉండగా గుమ్మం దగ్గరకొచ్చి ఏదో అడిగేది. నాకు వినపడేది కాదు. కుక్కర్ చప్పుడేమో అనుకున్నాను. మర్నాడు కుక్కర్ లేదు. నా చెవులకేమైనా అయ్యిందా అని భయమేసింది. తిరిగి చూస్తే దాని పెదవులు చక్కగా, ఎక్కడా ఆగకుండా కదులుతున్నాయి. గొంతు లేదు.

మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద బియ్యం ఏరుకుంటూ గమనించింది. “గీ పోరికి ఏమైంది బిడ్డా? నోరు తెరుస్తది, ఆవాజ్ రాదు. టీవీల సౌండ్ బంద్ జేసినట్టున్నది,” అంది. నవ్వుతూనే అంది.

గొంతు రాకపోతే తడబాటూ రాదు. పాప ఆ కిటుకు కనిపెట్టింది.

బడిలో క్లాసు టీచరు పిలిపించి, పాప చదివితే ఒక్క ముక్కా వినపడటం లేదని, నోటి పరీక్షలో ఇలాగే ఉంటే మళ్లీ రెండులోనే ఉంచాల్సి వస్తుందని, లేదా ఇలాంటి పిల్లల కోసం ఉండే బడి ఏదైనా చూసుకోమని చెప్పింది. ‘ఇలాంటి పిల్లలు’ అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

మోతీనగర్ వెళ్లి సంగీతం టీచరు ఇల్లు పట్టుకున్నాను. సాయంత్రాలు పాపని తీసుకెళ్లాను. ఆవిడ హార్మోనియం తీసి, పాత వరసలోనే పేరు పాడింది. పాప నోరు తెరిచింది. గదిలో మేం ముగ్గురమే. నేను చూస్తున్నాను, ఆవిడ చూస్తోంది. పాప మొదటి అక్షరం దగ్గర ఆగిపోయింది, పాటలో కూడా. అలా నేనెప్పుడూ చూడలేదు. ఇంకో రెండు మూడుసార్లు వెళ్లినా అంతే.

“ఒక్కదాన్నే కూర్చోబెట్టి నేర్పితే ఇది దానికి ఇంకో పరీక్షే అవుతుందమ్మా,” అంది ఆవిడ. “దీనికి ట్యూషన్ పనికిరాదు. క్లాసు కావాలి.”

సంగీతం ఇంటి దగ్గరైనా నేర్పించుకోవచ్చు కదా అని నాతో చాలామంది అన్నారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. కానీ మా పాపకు కావాల్సింది సంగీతం రావడం కాదు. దానికి రానక్కర్లేదు కూడా. నలభై గొంతుల మధ్య తన గొంతు ఎవరూ పట్టించుకోని ఒక గంట కావాలి. అది బడిలో తప్ప ఎక్కడ దొరుకుతుంది? నేను ఇంట్లో నలభై మందిని ఎక్కణ్ణించి తేను?

ఇదంతా మా ఆయనకు చెబితే, “నువ్వు ఊరికే కంగారు పడతావు, అది ఆడుకుంటోంది,” అనేవారు. క్యాసెట్ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవారు. నేను ఎత్తడం మానేశాను.

పోయిన ఆదివారం అన్నం దగ్గర కూర్చున్నాం. పాప ఆయన వైపు తిరిగి ఏదో అంది. ఆయన, “రేపు కాదమ్మా, వచ్చే ఆదివారం తీసుకెళ్తా,” అని ముద్ద కలుపుకుంటున్నారు.

నేను అడిగాను. “ఏమండీ, అది ఏమందో మీకు వినపడిందా?”

“జూకి తీసుకెళ్లమంది.”

“వినపడిందా అంటున్నాను.”

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. రోజంతా ఆయన కూర్చునేది అద్దానికి ఇవతల. అవతల మైకు కట్టేసి ఉంటే పాడేవాళ్ల నోళ్లు కదలడమే కనిపిస్తుంది. అలా చూసి చూసి మాటలు పట్టుకోవడం ఆయనకు అలవాటైపోయింది. కూతురికి గొంతు లేదన్న సంగతే తెలియకుండా ఎన్నాళ్లుగా దానితో మాట్లాడుతున్నారో.

“మళ్లీ చెప్పమ్మా,” అన్నారు. పాప మళ్లీ పెదవులు కదిపింది. ఆయన కంచం పక్కకు జరిపి లేచారు.

మర్నాడు థియేటర్‌లో పాత రీలు తీశారు. వాయిద్యాలు ఒక ట్రాక్‌లో, గొంతులు ఇంకో ట్రాక్‌లో ఉంటాయట. గొంతులు తీసేసి, ఒట్టి వాయిద్యాలతో ఇంకో క్యాసెట్ చేశారు. ఇవాళ పొద్దున ఇద్దరం కలిసి బడికి వెళ్లాం.

“పాడేది పిల్లలు కదండీ, గొంతులు వాళ్లవే ఉండాలి,” అని మా ఆయన ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. “మొదటిది నేను తప్పుగా ఇచ్చాను.”

“అదేంటండీ, అంత బాగుంటే,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. కానీ ఇచ్చిన మనిషే అడుగుతుంటే కాదనలేకపోయారు.

క్యాసెట్ మొదలైంది. కీబోర్డు మోగింది. పాట అందుకోవాల్సిన చోటు వచ్చింది. పిల్లలందరూ నోళ్లు తెరిచారు. శబ్దం లేదు. మైదానం నిండా పిల్లలు, అందరి పెదవులూ సరిగ్గా కలిసి కదులుతున్నాయి, ఒక్క గొంతూ లేదు. నా పక్కన నిలబడ్డావిడ, ఎవరి అమ్మమ్మో కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మా ఆయన పాడడం మొదలుపెట్టారు. ఎవరి గొంతులోనైనా వెంట్రుకంత అపస్వరం పట్టుకునే మనిషే, తను పాడితే శ్రుతి ఉండదని తనే అంటారు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన పాడగా నేను వినలేదు. స్పీకరు పక్కన నిలబడి, చెవులు ఎర్రబడిపోగా, పెద్దగా పాడారు. పిల్లలు గొల్లున నవ్వారు. నవ్వుతూనే వెనక వరస వాళ్లు కొందరు అందుకున్నారు, తర్వాత మధ్య వరసలు. గోల గోలగా, తలో శ్రుతిలో, ప్రార్థన అయ్యిందనిపించారు.

నేను పాపనే చూస్తున్నాను. మొదటి వరసలో నాన్నని చూస్తూ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు కూడా కదిలినట్టు అనిపించింది. అంత గోలలో గొంతు ఉందో లేదో నాకు తెలియలేదు.

సంగీతం టీచరుని మళ్లీ పిలిపించమంటే ప్రిన్సిపాల్ గారు ఏమీ తేల్చలేదు. కమిటీతో మాట్లాడి, పరీక్షలయ్యాక చూద్దామన్నారు. పాప నోటి పరీక్ష ఆ పరీక్షల్లోనే ఉంది.

బయటికొచ్చాక మా ఆయన్ని అడిగాను. వయొలిన్లన్నీ ఒక్కసారి వాయిస్తుంటే ఏ వయొలిన్ తప్పిందో చెప్పగలిగే చెవి ఆయనది.

“వచ్చిందా?”

ఆయన స్కూటర్ స్టాండు తీశారు. “తెలియలేదు,” అన్నారు. “అంతమందిలో పట్టుకోలేకపోయాను.”

ఇంటికొచ్చాక పాపని అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది దానికి. రేపు కూడా ఆ కొత్త క్యాసెటే వేస్తామన్నారు. వెళ్లి మొదటి వరస పక్కన నిలబడదామని ఉంది. కానీ నేను అక్కడ నిలబడి వింటున్నానని దానికి తెలిస్తే మళ్లీ ఆగిపోతుందేమో. గేటు బయట, గోడ ఇవతలే ఉంటాను.