ట్యాంకుల ఓడ కోసం పర్సుడీహ్ దాకా

జంషెడ్‌పూర్‌లో సముద్రం లేదు. ఈ లోటును పెద్దలెవరూ ఇంతవరకు పట్టించుకోకపోవడం వల్ల, నౌకాదళంలో పనిచేసి వచ్చిన మా మావయ్యకు ఇక్కడ దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఆయన ఉద్యోగమంతా ఒకే రకం ఓడ మీద గడిచింది. యుద్ధట్యాంకులను మోసుకెళ్లి సముద్రపు ఒడ్డున దించే ఓడ అది. ఊళ్లో ఆయన ఉండే మాంగో పేటలో మాత్రం ట్యాంకంటే ఎండాకాలం వీధి చివరికి వచ్చే నీళ్ల బండి. కాబట్టి వీధి వీధంతా ఆయన్ను నావికులకు మంచినీళ్లు పోసి వచ్చిన పుణ్యాత్ముడిగా లెక్కగట్టేసింది. ఆయన కూడా దిద్దడం మానేశాడు.

నిరుడు వైజాగులో ఆ ఓడను సేవ నుంచి తప్పించారు. వీడ్కోలు రోజున మావయ్య కంటి ఆపరేషనై, కట్టుతో మంచం మీదున్నాడు. అప్పట్నుంచి ఒకటే యావ. దాన్ని తుక్కు చేసేలోపు ఒక్కసారి చెయ్యి వేసి చూడాలి. కూర్చుంటే లేస్తాడు, లేస్తే గేటు దాకా పోతాడు, మళ్లీ వస్తాడు. అలాంటి సమయంలో, లారీల మీద పనిచేసే నా దోస్తు బబ్లూ ఫోన్ చేసి, "వైజాగ్ సే ట్యాంక్ కా స్క్రాప్ ఆయా హై, పర్సుడీహ్ మే" అన్నాడు, ఊరి అవతలి కొసనున్న పర్సుడీహ్‌లో వైజాగు ట్యాంకు తుక్కు దిగిందని. వైజాగు, ట్యాంకు, తుక్కు. ఈ మూడూ కలిపితే ఏమొస్తుందో తేల్చడానికి నా బీయస్సీ చాలుననుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేముండే సిద్ధగోరా నుంచి సాక్చీ మీదుగా షేర్ టెంపోలో మాంగో చేరాను. మావయ్య అప్పటికే బూట్లు పాలిష్ చేసుకుని గేటు దగ్గరున్నాడు.

"ఏటిరా, మద్దేనం వత్తన్నావేటి?"

"అభీ తో సాత్ బజే హై, మావయ్యా!"

"సాత్ ఏటిరా సాత్? తెలుగులో ఏడు!"

ఏడు అంకెనే చెప్పాడో, నన్ను ఏడవమన్నాడో ఇప్పటికీ తేలలేదు.

అక్కడి నుంచి పర్సుడీహ్‌కు నేరుగా బండి దొరకదు. ఒక టెంపో మొత్తం మాట్లాడుకున్నాం. వంతెన మీద ఎప్పటిలాగే జామ్. కింద సువర్ణరేఖ తీరిగ్గా పోతోంది, పైన మావయ్య తొందరగా ఊగుతున్నాడు. ఈలోగా ఫర్నేసులో వేసేస్తే? ఇనపకడ్డీలై ఎవరి మేడలోకో పోతే? ఆయన ధ్యాస మళ్లించడానికి టెంపో డ్రైవరుకు ఓడ సంగతి చెప్పమన్నాను. దాని ముందుభాగం తలుపులా తెరుచుకుంటుందట, అడుగు పళ్లెంలా చదునట, అందుకే చిన్న అలకు కూడా పెద్ద పెద్ద వీరులు వాంతులు చేసుకునేవారట. ఒడ్డు దగ్గరవుతుండగా వెనక ఒక లంగరు వదిలి, కావాలనే ఇసుకలోకి దూసుకెళ్లి, బరువు దించి, ఆ లంగరు గొలుసు పట్టుకుని మళ్లీ తన్ను తానే వెనక్కి లాక్కునేదట. యుద్ధట్యాంకులే కాదు, తుఫాను వచ్చినచోట బియ్యమూ, టార్పాలిన్లూ దించిందట.

డ్రైవరు హిందీలో అడిగాడు: "అంకుల్, ఓడ నేలెక్కితే నౌకరీ ఊడిపోదా?"

మావయ్య తెలుగులోనే జవాబిచ్చాడు, నేను అనువదించాను: "మిగతా ఓడలోళ్లకి ఎక్కితే ఊడతాది. మాకు ఎక్కకపోతే ఊడతాది."

డ్రైవరు నవ్వు ఆపుకోలేక హారన్ కొట్టాడు. ముందున్న లారీ ఏమనుకుందో, కదిలింది.

బిష్టుపూర్, జుగ్‌సలాయ్ దాటి, స్టేషన్ అవతలి పక్క పర్సుడీహ్‌లో తుక్కు యార్డు పట్టుకున్నాం. గుమాస్తా మమ్మల్ని గౌరవంగా వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ సొట్టలు పడి, నీలంరంగులో, ఒక నీళ్ల ట్యాంకరు పడుంది. పక్కన తెలుగులో "త్రాగునీరు" అని కూడా ఉంది, నాకు అనుమానానికి చోటివ్వకుండా.

"ట్యాంక్ హీ తో హై," ఇదీ ట్యాంకే కదా అన్నాడు గుమాస్తా నొచ్చుకుంటూ.

నేను మావయ్య మొహం చూడలేక ఆ అక్షరాలే చదువుతూ నిలబడ్డాను. ఆయన ట్యాంకరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇది మా ఓడ కాదు కదరా?"

"కాదు మావయ్యా."

"అయితే మాదింకా ఉన్నట్టే కదా! టేసనెంత దూరం?"

"బట్టలు? కంటి చుక్కలు? అత్తయ్యకేం చెప్పను?"

"నాను బండెక్కేక చెప్పు. ముందు చెప్తే దింపేత్తాది."

మా ఊరి స్టేషన్ టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ దాకా జనరల్ టికెట్టు తీసిచ్చాను. అక్కడ దిగి దక్షిణం వైపు వెళ్లే బండి పట్టుకోవాలి. రైలు కదిలినా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు, సీటు ఖాళీగానే ఉంది.

మూడోనాడు విశాఖ ఎస్టీడీ బూతు నుంచి ఫోన్. ఓడలో తనతో పనిచేసిన పాతవాడొకడు ఇంకా అక్కడి డాక్‌యార్డులోనే ఉండి లోపలికి తీసుకెళ్లాడట.

"చెయ్యి వేశావా?"

"ఏసేన్రా. ఎండకి సుర్రుమంటంది," అన్నాడు. ఆ తర్వాత బిల్లు ఎంతైందో బూతువాణ్ణి అడిగి ఫోన్ పెట్టేశాడు.

ఒక ఇనపకుప్ప చూపించి ఆయన్ను కుదురుగా కూర్చోబెడదామని బయలుదేరాను. ఆయన నిజంగా కుదుటపడ్డాడు. వచ్చాక రోజూ మధ్యాహ్నం నిద్రపోతున్నాడు. ఆ యావ ఇప్పుడు నాకు పట్టుకుంది. ఉద్యోగం లేనివాడిని, తీరిక కొదవలేదు. కానీ దేనికోసం పోవాలో తేలక సాయంత్రాలు స్టేషన్ దాకా వెళ్లి రైళ్ల బోర్డు చదివి వస్తున్నాను.

పెద్దవాళ్లను తోడు తీసుకుని పర్సుడీహ్ వైపు వెళ్లేవారికి ఒక సలహా: కంటి చుక్కల మందు, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోండి. స్టేషన్ మరీ దగ్గర.