అల్లుడికి పెట్టిన కార్జం

కబేళాలో పేగులు కడిగే ఆవిడను అందరూ పేగులక్క అనేవారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. పొద్దంతా గొర్రెల పొట్టలు తిరగేసి, పేగుల్లో నీళ్ళు పోసి పిండి, గంపలకెత్తడం ఆవిడ పని. ఎంత సబ్బు అరగదీసినా ఆ వాసన ఒంటిని వదిలేది కాదు. బస్సెక్కితే పక్క సీటు దానంతటదే ఖాళీ అయిపోయేది. చెల్లెలి ఇంటికి వెళ్తే టీ ఇచ్చేవారు, కానీ గుమ్మం దగ్గరే. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఏమిటో ఆవిడకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

భర్త పోయాక ఆ ఒంటిగదిలో ఆవిడకు తోడుగా మిగిలింది ఒక కుక్క. కూతురు లేకపోయినా ఆ ముచ్చట తీరాలని దానికి అల్లుడని పేరు పెట్టుకుంది. మర్యాదలూ ఆ స్థాయిలోనే జరిగేవి. ఆవిడ తలుపు తీయగానే అది మీదికి ఎగబాకి చేతులూ మెడా మొహమూ నాకేసేది. లోకం ముక్కు మూసుకునే ఆ వాసనే దానికి ఘుమఘుమ. నిజం చెప్పాలంటే, ఏళ్ళ తరబడి ఆవిడను ప్రేమగా తాకిన ప్రాణి అదొక్కటే.

కబేళాలో మాంసం పరీక్షించే పశువుల డాక్టరు, నీటి బుడగలున్న కార్జం కనబడితే పక్కకు విసిరేసేవాడు. "గోతిలో పూడ్చండి. కుక్కలకు మాత్రం వెయ్యొద్దు" అని రోజూ అదే పాట. పేగులక్కకు అది చాదస్తంలా తోచేది. మనుషులు తినకూడదంటే సరే, కుక్కకేం వచ్చింది? అంత పెద్ద కార్జాన్ని మట్టిపాలు చేయడానికి మనసొప్పక, ఎవరూ చూడకుండా కవరులో చుట్టి అల్లుడికి పట్టుకెళ్ళేది.

అలా కొన్నేళ్ళు గడిచాక ఆవిడకు కుడి డొక్కలో బరువు మొదలైంది. తిండి సయించడం మానేసింది. పెద్దాసుపత్రిలో స్కానింగు తీసి, కార్జంలో నారింజకాయంత నీటి బుడగ ఉందన్నారు. అలాంటివి తన చేతులతోనే ఎన్ని ఎత్తిందో.

"ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉందమ్మా."

"గొర్రె కార్జాలు పెట్టేదానివా?"

పేగులక్క తల వంచుకుంది.

"ఆ బుడగల్లో ఉండేవి బద్దెపురుగు పిల్లలు. కుక్క తింటే దాని పేగుల్లో పెద్దవై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మలంతో బయటికొచ్చి దాని బొచ్చుకీ మూతికీ అంటుకుంటాయి. అది నిన్ను నాకినప్పుడు నీ నోట్లోకి పోయుంటాయి."

ఆపరేషన్ బాగానే జరిగింది. చూడ్డానికొచ్చిన చెల్లెలు మంచానికి దూరంగా నిలబడి అంది, "ఆ కుక్కని ఎక్కడైనా వదిలెయ్యి అక్కా. కొరివితో తల గోక్కుంటావా ఏంటి?"

"దాని తప్పేముందే? పెట్టింది నేను కదా. అదీ పోతే నాకెవరున్నారు?"

ఇంటికొచ్చాక కుక్కను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తిట్టాల్సినంతా తిట్టి మాత్రలు ఇచ్చాడు. మందు పనిచేసేదాకా కట్టేసి ఉంచమన్నాడు, మలం కాల్చేయమన్నాడు, ఒళ్ళు శుభ్రంగా కడగమన్నాడు. ఆవిడ అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. మళ్ళీ చూపిస్తే ఆయన, "పురుగులు పోయాయి. ఇక కార్జాల జోలికి పోకు, అంతే" అన్నాడు.

పురుగు పోయింది గానీ భయం పోలేదు. అల్లుడు మీదికి ఎగబాకితే ఆవిడ చెయ్యి తనంతట తనే నోటికి అడ్డం వెళ్ళేది. "ఛీ, పో అవతలికి!" అంటూ చీపురు తిరగేసేది. పాపం, దానికేం తెలుస్తుంది? కొన్నాళ్ళు ప్రయత్నించి ఊరుకుంది. ఆవిడ వచ్చినప్పుడల్లా గుమ్మం బయటే కూర్చుని తోక ఆడించేది.

ఒక సాయంత్రం ఆవిడ ముక్కు మీద కొంగు పెట్టుకుని దానికి గిన్నె గుమ్మం దగ్గర పెట్టింది. చెల్లెలు తనకు టీ గ్లాసు పెట్టేది సరిగ్గా అలాగే. ఆ సంగతి తట్టగానే ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"రారా అల్లుడూ, లోపలికి రారా."

అది తోక ఆడించింది గానీ కదల్లేదు. ఆవిడే వెళ్ళి గుమ్మంలో కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేసింది. అల్లుడు ఆనందంతో వణికిపోయింది. ఆ చెయ్యి తల దగ్గరికి రాగానే మాత్రం, మూతి తగలకుండా మొహం అవతలికి తిప్పేసుకుంది.